నాలుగో నంబరు వాడు

ఆ బుధవారం పొద్దున ఉలిగప్ప పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదిన్నరకు భార్యను ధర్మవరం రైలెక్కించడం, తొమ్మిదింటికి మార్కెట్ యార్డులో ఒకసారి ముఖం చూపించడం, పదకొండుకల్లా ఎవరి కంటా పడకుండా తన్వీర్ ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పన్నెండింటికి ముగిసే వేలంలో పెనుకొండ కారు కొనడం. మూడింటికీ కలిపి అతను వేసుకున్న ఖర్చు రైలు టికెట్టు, ఇంటర్నెట్టుకు గంటకు పదిహేను రూపాయలు, కారుకు ఎనభై ఐదు వేలు. అంతకు మించి పైసా పెట్టకూడదని రైల్వే గేటు దగ్గరే ఒట్టు పెట్టుకున్నాడు.

ఉలిగప్ప హిందూపురంలో చింతపండు వ్యాపారి. ఇరవై ఆరేళ్ళుగా యార్డులో వేలం పాట పాడుతున్నాడు గానీ, ఎక్కువ పెట్టి కొన్నాడన్న మాట ఒక్కరితోనూ అనిపించుకోలేదు. అతని పద్ధతి ఒకటుంది. మంచి కుప్ప కనబడితే దాని వైపు చూడడు. దూరంగా పోయి, నల్లబడి పనికిరాని కుప్ప ముందు గొంతుక్కూర్చుని, పండు పిసికి, వాసన చూసి, మెల్లగా తల ఊపుతాడు. ఆ తల ఊపు చూసి మిగతా వ్యాపారులు అక్కడ మూగుతారు. ఈలోపు అతని గుమాస్తా తిప్పన్న మంచి కుప్పను సద్దు లేకుండా పాడుకుని వస్తాడు. కావాలన్న సంగతి ముఖంలో తెలిస్తే కిలోకు రూపాయి పెరుగుతుందని ఉలిగప్ప లెక్క.

ఆ లెక్కను యార్డు గేటు దగ్గరే వదిలి వస్తే బాగుండేది. అది అతని వెంబడి ఇంటికి కూడా వచ్చింది. పెళ్ళిచూపుల నాడు ఆదిలక్ష్మి నచ్చిందా అని పెద్దలు అడిగితే "చూద్దాం" అన్నాడు. తలుపు వెనక నుంచి ఆమె ఆ మాట విన్నది. ఇరవై రెండేళ్ళయినా మరచిపోలేదు.

నాలుగేళ్ళుగా ఆదిలక్ష్మికి నడుము నొప్పి. నెలకోసారి బెంగుళూరు పోయి డాక్టరుకు చూపించుకోవాలి. రైళ్ళ వేళలు డాక్టరు వేళలకు కుదరవు కాబట్టి బస్సే గతి. డాక్టరు చక్కబెట్టి పంపిన నడుము గౌరీబిదనూరు దాటేసరికి మళ్ళీ మొదటికొచ్చేది. "కారన్నా కొనండి, లేదంటే నా దగ్గరికి రావడమన్నా మానండి" అని ఆ డాక్టరే చెప్పేశాడు.

ఉలిగప్ప కొనకుండా కూర్చోలేదు. నాలుగేళ్ళలో పదకొండు కార్లు చూశాడు. కదిరి కారు రెండు వేల తేడాతో పోయింది. ఇంకొకటి స్టెప్నీ టైరు ఊరికే ఇవ్వనన్నందుకు పోయింది. మడకశిర కారు దగ్గర అతను ఎంత బాగా అక్కర లేనట్టు నిలబడ్డాడంటే, అమ్మేవాడు నిజంగానే నమ్మి, అతని ఎదుటే వేరేవాడికి తాళాలిచ్చేశాడు. ఈ పదకొండు కార్ల సంగతీ ఆదిలక్ష్మికి తెలియదు. కుదిరినాక చెబుదామని అతను ఒక్కటీ చెప్పలేదు. నాలుగేళ్ళుగా ఆమెకు తెలిసిందల్లా, కారు మాట ఎత్తినప్పుడల్లా మొగుడు గోడ మీది క్యాలెండరు వైపు తిరుగుతాడని.

పన్నెండో కారు సంగతి ఫోన్లో చెప్పింది ఆదిలక్ష్మి తమ్ముడు వేణు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి అతనిది. అంగట్లో కంప్యూటరు ఉంది.

"బావా, పెనుకొండ బడిలో పాఠాలు చెప్పిన దానియేలు అయివారిది తెల్ల మారుతి ఉండాది. వాళ్ళ మనవరాలు దాన్ని ఇంటర్నెట్లో వేలానికి పెట్టింది. అరవై వేలతో మొదలు. అయివారు బడికి, చర్చికి తప్ప ఇంకో తావుకు తోలలేదు. అక్కకు బాగా సరిపోతాది."

ఉలిగప్ప గుండె ఒక్క ఎగురు ఎగిరింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ తన పని తాను చేసింది.

"ఆ డొక్కు నాకెందుకప్పా? ఊరికే ఇచ్చినా వద్దు."

"చూడకుండానే డొక్కంటే ఎట్ల బావా?"

"వద్దంటే వద్దు. మీ అక్కతో అనేవు, ఊరికే ఆశపడతాది."

ఫోను పెట్టిన పది నిమిషాలకు అతను తన్వీర్ సెంటర్లో ఉన్నాడు. రెండు వందలు కట్టి వేలంలో చేరాడు. ఆ వేలంలో పేర్లు కనబడవు, నంబర్లే కనబడతాయి. ఉలిగప్పకు నాలుగో నంబరు వచ్చింది. తన ముఖమే కనబడని వేలం ఒకటి లోకంలో ఉందని తెలిసి అతను మురిసిపోయాడు.

ఆదివారం నాడు పెనుకొండకు కూడా పోయి వచ్చాడు. అయివారి ఇంటి ఎదురు టీ అంగట్లో గంటన్నర కూర్చుని, కారు వైపు చూడకుండానే కారంతా చూశాడు. గేటు తీసే ఉంది. మొక్కలకు నీళ్ళు పోస్తున్న దానియేలు అయివారు అతన్ని చూసి నవ్వాడు కూడా. పది అడుగులు వేసి లోపలికి పోయి ఉంటే, అక్కడ ఒక్క మాట అడిగి ఉంటే, ఈ కథ అక్కడితో అయిపోయేది. ఉలిగప్ప అడగలేదు. అడిగితే కావాలని తెలిసిపోతుంది.

బుధవారం పదకొండుకు తన్వీర్ సెంటర్లో నాలుగు కంప్యూటర్లలో మూడింటికి మనుషులున్నారు. ఉలిగప్ప మూల కుర్చీలో కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి, తన తలనూ కంప్యూటరు తెరనూ కలిపి కప్పేశాడు. చూసేవాళ్ళకు ఆవిరి పడుతున్నట్టు ఉంది.

తన్వీర్ కంగారుపడ్డాడు. "ఏమైందన్నా, జలుబా?"

"వేలమప్పా. పక్కోడు చూస్తే రేటు పెరుగుతాది. నువ్వు కూడా లోపలికి రా. నేను చెప్తా, నువ్వు కొట్టు."

"పక్కోడు పరీక్ష రిజల్టు చూసుకుంటాండాడన్నా."

"అయినా రా."

ఇద్దరూ ఒకే తువ్వాలు కింద చేరారు. తెర మీద అరవై నాలుగు వేల దగ్గర పాట నిలబడి ఉంది. పాడింది ఏడో నంబరు. ఉలిగప్ప అరవై నాలుగు వేల ఐదు వందలు కొట్టించాడు. అర నిమిషంలో ఏడో నంబరు అరవై ఐదు అన్నది. అతను ఇంకో ఐదు వందలు వేశాడు. అదీ వేసింది. వేలంలో ఇంకెవరూ లేరు. పదకొండున్నరకు పాట డెబ్బై ఎనిమిది వేలకు చేరింది. అప్పుడు ఉలిగప్ప జేబులో ఫోను మోగింది. ఆదిలక్ష్మి.

"యాడుండారు?"

"యార్డులో. ఇంక యాడుంటా?"

"యార్డులో అయితే ఏం గలాటా వినపడలేదే?"

"సరుకు తక్కువొచ్చింది. నువ్వేం చేస్తాండావు?"

"వేణు అంగట్లో చీరలు చూస్తాండా."

"తొందరపడొద్దు. రేటు ఎక్కువ చెప్తే వదిలేసి వచ్చేయ్."

"వదలను" అంది ఆదిలక్ష్మి. "ఈసారి నచ్చింది."

చీరల పిచ్చి ఎక్కడికి పోతుందిలే అనుకుని అతను మళ్ళీ తువ్వాలు కిందికి దూరాడు. పన్నెండుకు పది నిమిషాలుండగా ఎనభై ఐదు వేలు దాటిపోయింది. ఒట్టు ప్రకారం లేవాలి. లేవబోతూ కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డుకు అవతల మండీ వసారాలో పుల్లన్న ఫోను చెవికి పెట్టుకుని ఇటే చూస్తూ నవ్వుతున్నాడు.

పుల్లన్న కూడా చింతపండు వ్యాపారే. ఇరవై ఆరేళ్ళుగా ఉలిగప్ప తల ఊపిన చెడ్డ కుప్పలన్నీ కొన్నది ముఖ్యంగా అతనే. ఆదివారం ఉలిగప్ప పెనుకొండ బస్సు దిగుతుంటే బస్టాండులో ఎదురుపడి "పెనుకొండలో ఏం యాపారమప్పా?" అని అడిగింది కూడా అతనే. ఏడో నంబరు ఎవరో ఉలిగప్పకు తేలిపోయింది.

వెంటనే యార్డులో ఉన్న తిప్పన్నకు ఫోను చేసి, ఉన్నపళంగా వచ్చి పుల్లన్న ఏం మాట్లాడుతున్నాడో విని రమ్మన్నాడు. తిప్పన్న వచ్చి, మండీ వసారాలో బీడీ ముట్టించుకునే నెపంతో నిలబడి, విని, తువ్వాలు అంచు ఎత్తి లోపలికి తల పెట్టాడు.

"'వదలొద్దు, ఎంతైనా తీసుకో, ఉలిగప్ప సంగతి నేను ఈడ్నుంచి చూస్తాండా కదా' అంటాండాడు సామీ."

"వాడే!" అన్నాడు ఉలిగప్ప. "కొట్టప్పా తన్వీరూ, తొంభై."

"ఎనభై ఐదే అని చెప్తివి కదన్నా?"

"అది కారు రేటు. ఇది పుల్లన్న రేటు."

పన్నెండయింది గానీ పాట ముగియలేదు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పెంచితే ఇంకో ఐదు నిమిషాలు గడువు పెరగడం ఆ వేలం నియమం. గడువు పెరుగుతూనే పోయింది. తొంభై రెండు దగ్గర ఉలిగప్పకు ఒక మంచి ఆలోచన వచ్చింది. వేణుకు ఈ కంప్యూటరు సంగతులు తెలుసు, ఏడో నంబరు ఎవరో కనుక్కునే దారి ఏదైనా ఉందేమో అడుగుదామని ఫోను తీశాడు. నంబరు కూడా నొక్కాడు. మోగక ముందే కట్ చేశాడు. పది రోజుల కింద ఊరికే ఇచ్చినా వద్దన్న డొక్కు గురించి ఇప్పుడు ఏ ముఖంతో అడగాలి? తరువాత అతను లెక్క వేసుకున్నాడు. ఆ ఫోను మోగనివ్వనందుకు పడిన ఖరీదు నలభై ఆరు వేలు.

లక్ష దగ్గర ఏడో నంబరు ఆగిపోయింది. ఒక నిమిషం గడిచింది, రెండు, మూడు, నాలుగు. ఉలిగప్ప తువ్వాలు తీసి గాలి పీల్చుకున్నాడు. "చూస్తివా తిప్పన్నా, వాని దమ్ము లక్షే" అన్నాడు. మాట పూర్తి కాకముందే తెర మీద లక్షా ఒక వెయ్యి కనబడింది. ఆ నాలుగు నిమిషాల్లో అవతల ఏం జరిగిందో అతనికి సాయంత్రం గానీ తెలియలేదు.

అతను తువ్వాలు మళ్ళీ కప్పుకున్నాడు. అక్కడి నుంచి పాట వెయ్యి వెయ్యిగా పెరిగింది. ప్రతిసారీ అతను తనకు తాను ఒకటే చెప్పుకున్నాడు. కదిరి కారు రెండు వేలకు వదిలితిని, ఇప్పుడు తేడా ఒక్క వెయ్యే కదా. అలా చిన్న చిన్న తేడాల మీద నడిచి నడిచి పాట లక్షా ముప్పై ఎనిమిది వేలకు వచ్చింది. పాడింది ఏడో నంబరు.

"ముప్పై తొమ్మిది కొట్టు!"

తన్వీర్ వేలు ఎత్తాడు. కరెంటు పోయింది.

గదిలో లైటు ఆరింది తువ్వాలు కిందికి కనబడక, ఉలిగప్ప తెర ఒక్కటే ఆరిందనుకున్నాడు. "కొట్టప్పా, కొట్టు" అంటూనే ఉన్నాడు.

"కరెంటు పాయెన్నా."

"బ్యాటరీ ఉండాది కదా?"

"ఉండాది. పని చేసేది లేదు."

తువ్వాలు అక్కడే వదిలేసి ఉలిగప్ప వీధిలోకి పరుగెత్తాడు. వీధంతా అదే కథ. ఇంకో సెంటరుకు పోయి వచ్చేసరికి ఐదు నిమిషాలు కాదు, పదిహేను నిమిషాలు గడిచాయి. కారు పోయింది.

నేరుగా యార్డుకు పోయాడు, పుల్లన్నను కడిగేద్దామని. అక్కడ పుల్లన్న మనుషులు మూటలు కుట్టుకుంటున్నారు. ఎర్రగా, మెత్తగా, ఆ సీజనులోకెల్లా మంచి సరుకంతా పుల్లన్న మూటల్లో ఉంది.

"ఏమప్పా ఉలిగప్పా, జలుబు తగ్గెనా?" అన్నాడు పుల్లన్న.

"కారు ఎంతకు పాడితివో చెప్పు ముందర."

"ఏం కారప్పా? నాకు సైకిలే సరిగా రాదు." పుల్లన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "నువ్వు తువ్వాలు కప్పుకుని ఆడ కూర్చుంటివి. నీ గుమాస్తాను కూడా ఆడికే పిలిపించుకుంటివి. యార్డులో నాకు అడ్డమే లేదు. ఫోన్లో మావాళ్ళకు చెప్తి, ఎంతైనా తీసుకోండి, ఉలిగప్పను నేను ఈడ్నుంచి చూస్తాండా అని. ఇరవై ఆరేళ్ళ తరువాత ఒక పొద్దు దొరికితివి సామీ. రోజూ పోతాండు ఇంటర్నెట్టుకు."

ఉలిగప్ప ఇంటికొచ్చాడు. కారు పోయింది, సరుకు పోయింది, తువ్వాలు కూడా పోయింది. ఏడో నంబరు ఎవరో మాత్రం తెలియలేదు.

సాయంత్రం ఆరున్నరకు వాకిట్లో హారను మోగింది. బయటికి వచ్చి చూశాడు. తెల్ల మారుతి. వేణు తోలుతున్నాడు. పక్క సీట్లో ఆదిలక్ష్మి రెండు చేతులతో ఎదుట ఉన్న డ్యాష్‌బోర్డు పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"తిట్టాలంటే తిట్టండి" అంటూ దిగింది. "నాలుగేళ్ళు మిమ్మల్ని అడిగి అడిగి విసిగిపోతిని. మీరు డొక్కంటే డొక్కేనా? వేణు నాకు చెప్పినాడు. నా చీటీ దుడ్లతో నేనే పాడుకుంటి."

ఉలిగప్ప అరుగు మీద మెల్లగా కూర్చున్నాడు. "నీ నంబరు ఎంత?"

"ఏడు. ఎందుకు?"

"ఊరికే."

వేణు తాళాలు తిప్పుతూ చెప్పాడు. "వేలం మొదలైన రోజే అక్క పేరున అరవై నాలుగు వేసి, అయివారి ఇంటికి పోయి అడిగితి బావా. 'వేలంలో పెట్టినాక పక్కదోవన ఇస్తే మనవరాలు ఒప్పుకోదప్పా. ఇంకెవరూ పాడకపోతే అరవై నాలుగుకే నీకు వస్తాది' అన్నాడు. పది రోజులూ ఎవ్వరూ రాలేదు. ఇంకొక గంటలో అయిపోతాదనంగా దిగినాడు ఒకడు. నాలుగో నంబరోడు."

ఆ నంబరు వినగానే ఆదిలక్ష్మి చీర కొంగు నడుముకు దోపుకుంది.

"వాని కడుపు మాడ! వానికి ఇంట్లో ఆడదిక్కు లేదేమో, లేక ఉన్నా దాన్ని ఇట్లే ఏడిపిస్తాడేమో! ఐదొందలు ఐదొందలు పెంచుతాండాడు పీనాసోడు. నా చీటీ లక్షా అయిపోయింది. వాడు వదల్లే. ఈ పొద్దు నా ఉసురు వానికి తగలకపోతే..." అంటూ చేతులెత్తింది. ఎత్తిన చేతులకు గాజు గాజులే ఉన్నాయి. బంగారు గాజులు ఆరూ లేవు.

ఆ నాలుగు నిమిషాలు ఉలిగప్పకు ఇప్పుడు తెలిసొచ్చాయి.

"ధర్మవరంలో వేణు పక్కంగడి సేటు దగ్గరే కుదువబెట్టినాం" అంది ఆమె, అతని చూపు చూసి. "ముప్పై ఎనిమిది వేలిచ్చినారు. సరిగ్గా ముప్పై ఎనిమిది. వాడు ఇంకొక్క వెయ్యి వేసింటే నేను లేచొచ్చేదాన్ని. దేవుడే ఆపినాడు వాణ్ణి."

ఆపింది ఎవరో ఉలిగప్పకు తెలుసు. కరెంటు పోయినందుకు సంతోషించడం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

"కార్లో అట్ల పట్టుకుని ఎందుకు కూర్చుంటివి?" అన్నాడు మాట మార్చడానికి.

"అదీ వాని పుణ్యమే బావా" అన్నాడు వేణు. "అరవై వేల కారుకు అంత పాట వచ్చేసరికి అయివారికి భయమేసిందంట, ఇందులో ఏమన్నా దాపెట్టి ఉండారేమో అని. మేం పోయేలోగా సీట్లన్నీ పీకి వెదికినాడు. ఎనిమిది అణాలు, ఒక పాత పెన్ను దొరికినాయంట. సీట్లు మళ్ళీ బిగించినాడు గానీ, ఎడమ పక్కది నిలవలేదు. గతుకు వస్తే ఊగుతాది."

నడుము నొప్పి మనిషి కూర్చోవాల్సింది ఆ సీట్లోనే. ఆదిలక్ష్మి నాలుగో నంబరు వాణ్ణి మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. అన్నం తింటూ తిట్టింది, పడక వేస్తూ తిట్టింది. ఉలిగప్ప ప్రతి తిట్టుకూ "అవును, అవును" అన్నాడు. అంత నిజాయితీగా ఆమె మాటకు ఒప్పుకున్నది పెళ్ళయినాక అప్పుడే.

మరునాడు పొద్దున్నే అతను మెకానిక్కు సాబ్జాన్‌ను పిలిపించి సీటు బిగింపించాడు. తరువాత యార్డుకు పోతున్నానని చెప్పి ధర్మవరం రైలెక్కాడు. వేణును వెంటబెట్టుకుని, ముప్పై ఎనిమిది వేలూ ఒక రోజు వడ్డీ కట్టి, ఆరు గాజులూ విడిపించి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి భార్య ముందు పెట్టాడు. వడ్డీ తగ్గించమని కూడా అడగలేదు.

ఆదిలక్ష్మి గాజులు చూసింది. అతన్ని చూసింది. మళ్ళీ గాజులు చూసింది. ముఖంలో మొదట సంతోషం వచ్చింది, దాని వెనకే అనుమానం వచ్చింది.

"ఇరవై రెండేళ్ళలో నేను అడక్కుండా మీరు తెచ్చింది ఇదే మొదలు."

"ఏదో, తేవాలనిపించింది."

"నిన్న నా నంబరు ఎందుకు అడిగితిరి?"

ఉలిగప్ప గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"ఆ చూపు నాకు తెలుసు" అంది ఆదిలక్ష్మి. గొంతు తగ్గింది. "నిన్న యార్డులో అంటిరి. గలాటా లేదు. ఇంటర్నెట్టు తన్వీరు ఇందాక వచ్చి, నిన్న సెంటర్లో మరచి వస్తిరని మీ తువ్వాలు ఇచ్చిపోయినాడు. నేను అప్పుడే అనుకోవాల్సింది. నాలుగో నంబరు మీరే కదా?"

అతను క్యాలెండరు మీద నిలిపిన చూపును కష్టపడి తిప్పుకుని, వాకిట్లో ఎండలో నిలబడి ఉన్న తెల్ల కారు వైపు, ఆ తరువాత ఆమె వైపు చూశాడు. యార్డులో ఏ మంచి కుప్పనూ అతను అలా చూసి ఉండడు.

"నాకూ నచ్చింది" అన్నాడు. "మొదట్నుంచీ నచ్చింది."

ఆదిలక్ష్మి గాజులు ఒక్కొక్కటీ చేతికి ఎక్కించుకుంది. ఆరోది ఎక్కినాక అంది. "ఈ మాట పది రోజుల ముందర చెప్పింటే అరవై నాలుగు వేలకు వచ్చేది. తిట్టినవి మాత్రం వెనక్కి తీసుకోను. పాట పాడినాక పాడినట్లే కదా."

ఉలిగప్ప లెక్క వేసుకున్నాడు. ఒక్క మాటకు డెబ్బై నాలుగు వేలు. చింతపండు కాదు, కారు కాదు, అతను బతుకులో ఎక్కువ పెట్టి కొన్న సరుకు ఆ ఒక్క మాటే.